మూడు నిమిషాల కత్తెర

నారిన్ దాటి ఇంకా రెండు గంటలు.
కెమెరా నా ఒళ్ళో, దాని స్టాండు వెనక సీట్లో
ఎవరిదో గొర్రెపిల్ల పక్కన.
బిష్కెక్ ఆఫీసులో చెప్పి పంపారు:
"బడిపిల్లల కోసం. ఒక్కో కళకీ మూడు నిమిషాలు.
నాలుగో నిమిషంలో ఎవరూ ఉండరు."

నిన్న కొముజ్ వాయించే అక్మత్ తాత చేయి తీశాను.
తీగెలు మూడే. మీటి వదిలిన చేయి
గాల్లో గిర్రున తిరిగి, భుజం మీద వాలి,
ఏదో గుర్తొచ్చినట్టు మళ్ళీ తీగె మీదికి దూకుతుంది.
ఇది సంగీతమా, నాట్యమా అని అడిగాను.
"చలి" అన్నాడు. "వేళ్ళు ఊరుకోవు."
రెండు నిమిషాల నలభై సెకన్లు. సరిపోయింది.

ఇవాళ బురుల్చా ఆపా.
షిర్దాక్ కుడుతుంది, నేల మీద పరిచే ఉన్ని తివాచీ.
ఒకటి పూర్తయ్యేసరికి ఒక చలికాలం అయిపోతుంది.
"మూడు నిమిషాలా?" నవ్వింది,
ఉన్న నాలుగు పళ్ళూ కనపడేలా.
"ఈ పొయ్యి మీద టీ కూడా మరగదే, కత్తెర పిల్లా!"
ఆ పేరు నాకు అక్కడే పడింది.

ఎర్ర ఉన్ని మీద తెల్ల ఉన్ని పరిచింది.
కొలబద్ద లేదు, కాగితం లేదు,
సుద్దముక్కతో ఒక్క గీతలో పొట్టేలు కొమ్ము.
కత్తి రెండు పొరల్నీ కలిపి కోసింది.
తెల్ల కొమ్ము ఎర్ర గుంటలోకి,
ఎర్ర కొమ్ము తెల్ల గుంటలోకి.
నేల మీద చిన్న ముక్క మిగల్లేదు.
ఏది బొమ్మో, ఏది దాని వెనకున్న ఖాళీయో
కెమెరాకి తెలియలేదు, నాకూ తెలియలేదు.

అతుకు మీద రెండు దారాలు కుట్టాలి,
కుడికి పేనింది ఒకటి, ఎడమకి పేనింది ఒకటి.
"ఎడమది మా చెల్లి కుమూష్ పేనేది" అంది,
ఎదురుగా ఉన్న ఖాళీ పరుపు వైపు చూడకుండా.
"ఇప్పుడు రెండూ నేనే. ఎడమది కాస్త వదులొస్తుంది."

రాత్రి దుప్పటి కప్పుకుని కోయడానికి కూర్చున్నాను.
దగ్గు తీసేశాను. కుక్క తీసేశాను.
సూది తప్పి, నాలుక కరుచుకుని,
విప్పి మళ్ళీ కుట్టిన ఆ పన్నెండు సెకన్లు తీసేశాను.
కుమూష్‌ని తీసేశాను.
సరిగ్గా మూడు నిమిషాలు. నున్నగా, గులకరాయిలా.

పొద్దున్నే ఫోను చేతికిచ్చాను.
ఉన్ని తడిమి చూసినట్టే
బొటనవేలితో తెర తడిమి చూసింది.
"సూది తప్పిన కుట్టేదీ?"
తీసేశాను ఆపా.
"తీసి ఎక్కడ పెట్టావు?"

ఎక్కడా పెట్టలేదు అనబోయాను.
ఆ ఇంట్లో ఆ మాటకి అర్థం లేదు.
గోడకి కోతముక్కలతో కుట్టిన సంచి వేలాడుతోంది,
ఆ సంచిలో ఇంకా చిన్న ముక్కలు,
వాటితో కుట్టిన టోపీ పెట్టుకుని
మనవడు గడప మీద రొట్టె తింటున్నాడు.

పారేసినవన్నీ వెనక్కి తెచ్చి వరసగా కలిపాను.
దగ్గు, కుక్క, తప్పు, ఖాళీ పరుపు.
పందొమ్మిది నిమిషాలొచ్చింది.
అందులో ఎవరికీ ఏమీ నేర్పడం లేదు.
ఆపా మొత్తం చూసింది. చెల్లెలి పేరు దగ్గర
వెనక్కి జరిపించి మళ్ళీ చూసింది.
ఈలోగా టీ మరిగి పొంగి, సగం పొయ్యిపాలైంది.

రెండూ పంపాను. ఆఫీసులో పెద్దాయన
రెండోదాని నిడివి చూసి తల పట్టుకున్నాడు.
అయినా ఎలాగో బళ్ళకి చేరింది.

వసంతంలో ఓష్ నుంచి ఒక టీచరమ్మ ఫోన్ చేసింది.
మూడు నిమిషాలది చూసి
తరగతిలో ముప్పై ఒక్క మందీ కొమ్ము గీశారట,
కొన్ని పొట్టేళ్ళవి, కొన్ని నత్తలవి.
రెండోది నడుస్తుంటే చాలామంది నిద్రపోయారు.
చివరి బెంచీ ఎల్దియార్ మాత్రం
మర్నాడు జేబులోంచి జానెడు దారం తీసి చూపించాడట,
ఎడమకి పేనింది.

బిగువుగా వచ్చిందా అని అడిగాను.
లేదట, వదులుగానే ఉందట.