కాకిబంగారం

సైదాపురం షెడ్డులో పలకలు చీల్చేటప్పుడు
మా మస్తానమ్మత్త దాన్ని మైకా అనేది.
కూలి కోసిన శనివారం మాత్రం మైకం అనేది.
మేస్త్రీకి రెండూ ఒకటే వినపడేవి.

ఆమె పోయిన ఏడాదికి, ఎందుకో,
లావుపాటి డిక్షనరీ తెరిచాను.
లాటిన్‌లో రొట్టెతునక అట,
బల్ల కింద రాలే నలుసు.
మెరవడం అనే ఇంకో మాట
తర్వాతెప్పుడో వచ్చి దీనికి అంటుకుందట,
వేళ్లకి పొడి అంటుకున్నట్టు.

తెలుగయ్యవారు అభ్రకం అని రాయించేవాడు.
అభ్రమంటే మబ్బు.
"నూరడుగుల లోతులో మబ్బేందబ్బయ్యా!"
నీళ్లు తోడే ఇంజను ఆపకుండానే నవ్వాడు మామ.

పిలకాయలం మేం కాకిబంగారం అనేవాళ్లం.
కాకి కూడా ఎత్తకపోదు దాన్ని.
గని తిప్పల మీద ఏరుకొచ్చి
బలపాల డబ్బాలో దాచి
ఎండకు పట్టి చూస్తే
లోపల ఇంకో ఎండ, కొంచెం పాతది.

అత్త కత్తి మొన ఆనించేది, అంతే.
ఒకటి రెండు, రెండు నాలుగు,
ఊపిరికి లేచిపోయేంత పలచన.
"ఇస్త్రీపెట్టెల్లోకి పోతాదంట, యాడికో"
తన కోకకి ఎన్నడూ ఇస్త్రీ లేదు.
నేనూ చీలుస్తానని చెయ్యి పెడితే
"చాల్లే, ఇంకా చీలిస్తే పొడైపోద్ది."

రాత్రి సంగటి పిసికేటప్పుడు
ముద్దలో చిన్న తళుకు.
గోటితో తీసి పళ్లెం అంచుకి రాసి
తినేసేది.

డిక్షనరీలో రొట్టెతునక దగ్గర
నా వేలు చాలాసేపు ఆగింది.