ఇరవై సెకన్లు

పాట ఆగి ఇరవై సెకన్లు దాటితే
స్టూడియో కంప్యూటరు ఓ వెబ్ చిరునామా తలుపు తట్టాలి,
ఆ తలుపు వెనక ఎవరో నా ఫోను తట్టాలి.
మూడు రాత్రులు పట్టింది ఈ రెండు తట్టుళ్లకి.
టోకెను తప్పు. కామా తప్పు.
నాలుగు వందల ఒకటి అంటూ ముఖమ్మీదే గడియ.

నాలుగో రాత్రి కంచరపాలెంలో, దోమతెర లోపల,
ఫోను బల్లిలా చప్పుడు చేసింది:
"నిశ్శబ్దం. రెండూ పద్నాలుగు."
దాన్ని ముద్దు పెట్టుకున్నంత పని చేశాను.

అంతవరకూ ఆ ఉద్యోగం జాలరిపేట కాసులమ్మది.
మొగుడు వేటకెళ్లేముందు గాలి కబురు వినాలని
రేడియో తలగడ పక్కనే.
మేం ఆగితే ఆవిడ ఫోను:
"ఏటి నాయినా, మూగబోనాది? తొంగున్నావేటి?"
జీతం లేదు. రీచార్జీ కూడా తనదే.
ఇక లేపక్కర్లేదని చెప్పాను, కాస్త గర్వంగానే.

కార్తీకం తుపానులో యూపీయస్ పోయి
కంప్యూటరే ఆరిపోయింది.
చచ్చినవాడు తన చావు కబురు తాను చెప్పడు కదా,
ఆ సంగతి నా కోడులో ఎక్కడా లేదు.
ఇరవై సెకన్లు, ఇరవై నిమిషాలు,
పచ్చగా వెలిగే డాష్‌బోర్డు పక్కన నేను నిద్ర.

"చెప్పొద్దన్నావు గానీ నాయినా..."

తాటిచెట్లపాలెం దాకా తోసుకుంటూ వెళ్లాను స్కూటరు,
మోకాలి లోతు నీళ్లలో.
నాలుగూ పదికి హెచ్చరిక మళ్లీ గాల్లోకి ఎక్కింది:
పడవలు కదపొద్దు.

ఇప్పుడు ఆ కంప్యూటరు బతికుందో లేదో
నిమిషానికోసారి అడిగే ఇంకో సర్వరు పెట్టాను.
దానికీ కరెంటే కావాలి.
అందుకని బజార్లో ఆవిడ నంబరుకి రీచార్జి అడిగితే
"ఎన్ని రోజులకి?" అన్నాడు కొట్టువాడు.