ఒక్కసారే కనిపించే మాట

ఆమె తిరిగి ఇవ్వాల్సిన పుస్తకాలు పదకొండు.
సైకిల్ బుట్టలో గోనె కప్పి తెచ్చింది.
బయట గ్రోనింగెన్ వాన, గొడుగుని లెక్కచెయ్యని పక్కవాటు వాన.
డెబ్బై తొమ్మిదేళ్ల ప్రొఫెసర్ టెట్యె వీర్స్మా
నా బల్ల మీద ఒక్కొక్కటే పేర్చి
"ఇంకోటి నీ దగ్గరే ఉంది హార్మ్, నేను రాసింది. పట్రా" అంది.

ముప్పైయేళ్లు ఆమెకు పుస్తకాలు మోసినవాణ్ణి.
నాకు హీబ్రూ రాదు.
కుడి నుంచి ఎడమకు నడిచే ఆ అక్షరాలు
ఎదురుగాలిలో తొక్కే సైకిళ్లలా ఉండేవి నాకు.
అయినా కథ తెలుసు,
గ్రంథాలయం మెట్ల మీద కాఫీ తాగే అలవాటు మా ఇద్దరికీ.

నాన్న ఫ్రీస్‌లాండ్ కాలువల్లో పాముచేపలు పట్టేవాడు.
రాత్రి భోజనమయ్యాక, పళ్లేలు తియ్యకముందే
లేఖనం తెరిచి ఒక అధ్యాయం చదివేవాడట,
వేళ్లకింకా చేపజిగట వదలకుండానే.
ఒక రాత్రి ఒక మాట దగ్గర ఆగి
"దీని అర్థం ఎవరికీ తెలీదని అడుగున రాశారే" అన్నాడు.
తొమ్మిదేళ్ల పిల్ల తలెత్తింది:
దేవుడు మాట్లాడితే ఎవరికీ తెలీకపోవడమా?
అమ్మ సూపుగిన్నె చప్పుడయ్యేలా తీసుకెళ్లిపోయింది.

ఆ మాట గ్రంథం మొత్తంలో ఒక్కసారే వస్తుంది.
ముందు చుట్టం లేదు, వెనక సాక్షి లేదు.
దానికోసం అరామిక్ నేర్చుకుంది, అరబ్బీ నేర్చుకుంది,
ఉగరిత్ మట్టిపలకల మీద కళ్లు అరగదీసుకుంది.
పెళ్లిమాట రెండుసార్లు వాయిదా వేసింది.
మూడోసారి ఎవరూ అడగలేదు.
వాక్యాన్ని కత్తితో కోస్తోందన్నారు చర్చి పెద్దలు.
కొయ్యడం లేదు, ముల్లు తీస్తున్నా, అంది.

చివరికి తేల్చింది: వలముడి.
రెండువందల పన్నెండో పేజీ.
నల్లగౌన్ల పరీక్షకుల్లో ఒకాయన
"మీ నాన్నగారి వృత్తి ఏమిటన్నారు?" అని నవ్వాడట.
యాభై ఒకటో ఏట పీఠం ఇచ్చారు.
మగవాళ్ల కొలతకు కుట్టిన గౌను,
అంచులకు పిన్నీసులు గుచ్చుకుని ఎక్కింది వేదిక.

మొన్న చలికాలం ఎడారిలో ఎక్కడో
ఒక కుండపెంకు దొరికింది.
దానిమీద ఎవరో గిడ్డంగి గుమాస్తా ధాన్యం లెక్క.
లెక్కలో అదే మాట.
వల కాదు, ముడీ కాదు.
బార్లీ కొలిచే చిన్న చిప్ప.

నలభై ఎనిమిదేళ్ల పని.
ఓదార్చడానికి నేను మాట వెతుక్కుంటున్నాను,
ఆమె నవ్వుతోంది. చదువుకునే గదిలో తలలు లేచాయి.
"దానికి చుట్టం దొరికింది, హార్మ్!"

రెండు పేజీల వ్యాసం అప్పటికే పంపేసిందట,
తన తప్పు తనే చూపిస్తూ.
ఇప్పుడు కోటు జేబులోంచి అగ్గిపెట్టెంత చీటీ తీసింది:
"ఇక్కడ పొరబడ్డాను. టె. వీ."
గోధుమపిండి జిగురుతో నేనే అతికించాను పేజీ అంచున.
కాస్త వంకరగా అంటుకుంది. సరిచెయ్యబోతే
ఉండనీ అంది.

గోనె మడిచి, తలుపు దాకా వెళ్లి, వెనక్కొచ్చింది.
ఇచ్చిన పదకొండింట్లోంచి అరబ్బీ నిఘంటువు లాక్కుని
"దీన్ని మళ్లీ నా పేరున రాసుకో.
ఆ పక్కమాట మీద కూడా నాకు నమ్మకం లేదు."