ఇస్త్రీపెట్టె వెనక రేకు

కువైట్, సాల్వా. వంటింటి పక్క గది.
పెట్టె తిరగేస్తే చిన్న రేకు:
రెండు వందల నలభై వోల్టులు, పది ఆంపియర్లు.
మిగతాది అరిగిపోయింది.
మిగతాది నేను చెప్పగలను.

గుణిస్తే రెండువేల నాలుగొందల వాట్లు,
భాగిస్తే ఇరవైనాలుగు ఓములు.
రాయచోటి పాలిటెక్నిక్కులో జమీలా మేడం
సుద్దముక్క విసిరి మరీ చెప్పేది:
"పైన వోల్టు, కింద ఆంపియరు.
తలకిందులు చేయాకు!"

పొద్దున్నుంచి బ్రేకరు మూడుసార్లు పడింది.
మూడుసార్లూ మామా నా చేతులకేసి చూసింది.
మలయాళీ ఎలక్ట్రీషియన్ వచ్చి
స్విచ్చి విప్పి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి
పెట్టె పాడైందన్నాడు.

"లా" అన్నాను.
నాకొచ్చిన అరబ్బీలో అన్నిటికన్నా తక్కువ వాడిన మాట.
కెటిల్‌కు పది, దీనికి పది, రెండూ ఒకే తీగ మీద.
మీ బ్రేకరు పదహారుకే మోస్తుంది కదా,
వేళ్లమీద చూపించాను.

స్క్రూడ్రైవరు ఆగింది.
"ఎక్కడ నేర్చుకున్నావ్?" హిందీలో అడిగాడు.
ఇంకా పదకొండు దిష్డాషాలున్నాయి,
జవాబు చెప్పలేదు.

అతను వెళ్లాక
కెటిల్ ప్లగ్గు మామానే పీకింది, తన చేత్తో.
నేను చూడనట్టు
కాలరు తిరగేసి, నీళ్లు చిలకరించి
పెట్టె ఆనించాను.
చుయ్‌మంది.