ఐదో ప్రశ్న

పుస్తకంలో ప్రామాణిక స్థితి అంటే
ఇరవై ఐదు డిగ్రీలు.
ఎక్కడో చల్లని గదిలో ఎవరో
పలకకి దీపం చూపించి రాసుకున్న అంకె.
ఇబ్రీలో ఆ అంకె
జనవరి చివర నాలుగు పూటలు కనిపించి పోతుంది.
మిగతా ఏడాదంతా
నేను దాన్ని బోర్డు మీద రాస్తాను,
పిల్లలు కిటికీలోంచి బయటికి చూస్తారు.

సెప్టెంబరు చివరి మంగళవారం
మూడో సంవత్సరం వాళ్ళని, పందొమ్మిది మందిని,
కాలేజీ వాళ్ళు కొత్తగా కొన్న కరెంటు బస్సులో
సోలార్ పొలానికి తీసుకెళ్ళాను.
నిండా ఛార్జి పెట్టిందాన్ని
సగం రోడ్డు తిన్నది, సగం ఏసీ తిన్నది.
ఖల్ఫాన్ ముందు సీట్లో కూర్చుని
జ్వరం చూసేవాడిలా శాతం చదువుతున్నాడు:
డెబ్భై ఒకటి.
యాభై రెండు.
దొక్తోరా, ముప్ఫై ఎనిమిదికి వచ్చింది.

పొలం అంటే పొలమే.
నల్లటి మళ్ళు, కంటికి ఆనని గట్లు,
పొద్దుతిరుగుడు చేనులా అన్నిటికీ ఒకే మెడ.
మడి మధ్యన ఒకాయన, ముఖానికి తువ్వాలు,
పొడుగు కర్రకి బ్రష్షు కట్టుకుని
వరసలు లెక్కపెడుతున్నాడు.
పదకొండు, పన్నెండు...
పదమూడు దగ్గర గాని నాకు వెలగలేదు
అది నా భాషని.

పేరు లస్మన్న. మెట్‌పల్లి అవతల ఊరు.
తుడిచే యంత్రాలున్నాయి, అవి మొరాయించిన వరసలు ఆయనవి.
"రాత్రి మంచు పడ్తది మేడం, దుమ్ము నాన్తది.
ఆరకముందే తుడిస్తే వెన్నలెక్క వస్తది.
గంటన్నర, గంతే టైం.
పొద్దెక్కినంక గది సిమెంటు.
మా వ్యాను ఏడింటికి దింపుతది."

జువైనాకి ఇంగ్లీషులో చెప్పాను.
గంటన్నర అని రాసుకుని
కింద రెండు గీతలు గీసింది.
పదకొండేళ్ళుగా చెబుతున్న నా దుమ్ము సూత్రంలో
గడియారం ఎక్కడా లేదు.

తిరుగు ప్రయాణానికి ప్లగ్గు అడిగాను.
సూపర్‌వైజర్ మర్యాదగా నవ్వాడు.
పండిందంతా అక్కడికక్కడే తీగెక్కి
నాలుగు వందల కిలోవోల్టుల ఎత్తున పోతోంది.
దాన్ని కిందికి దించాలంటే ట్రాన్స్‌ఫార్మర్ కావాలి,
మూడు ఆఫీసుల సంతకాలు కావాలి.
ఉన్న ఒక్క సాకెట్టూ టీ కెటిల్‌ది.

లస్మన్న కర్రకి ఆనుకుని అన్నాడు:
"కరెంటు పండించుడు ఒకటి మేడం,
కంచంల పెట్టుడు ఇంకొకటి."

ఏసీ ఆపేస్తే ఏడు శాతంతో కాలేజీ చేరతామని
ఖల్ఫాన్ లెక్క తేల్చాడు.
చేతులెత్తించాను. అందరూ ఎత్తారు.
అద్దాలు తెరుచుకోని బస్సు,
పైకప్పు మూత ఒక్కటే తెరిచి,
లస్మన్న బకెట్లో తడిపిచ్చిన గుడ్డలు
తల మీద వేసుకుని, అరవై కిలోమీటర్లు,
పెళ్ళివారిలా అరుచుకుంటూ వచ్చాం.
మిగిలింది మూడు.
మిగతా నాలుగూ బ్యాటరీ
తన ఒళ్ళు చల్లబరుచుకోడానికి తాగేసింది.
ఖల్ఫాన్ రెండు రోజులు నాతో మాట్లాడలేదు,
తప్పు నాదైనట్టు.
నాదే కావచ్చు. ఆ పాఠం నేను చెప్పలేదు.

సెమిస్టర్ చివర ఐదో ప్రశ్న ఇలా వేశాను:
బస్సు బరువు ఇంత, దూరం ఇంత, నీడలో నలభై రెండు.
ఛార్జింగ్ ఎక్కడ పెడతారు? కారణాలు రాయండి.
పదిహేను మార్కులు.

పొలం గేటు దగ్గర, అని దాదాపు అందరూ.
జువైనా మాత్రం రోడ్డు బొమ్మ గీసి
మధ్యలో పక్కకి తిరిగే మట్టి దారి పెట్టి
దాని చివర చుక్క పెట్టింది.
కూలీల క్యాంపు దగ్గర.
కారణం: రాత్రంతా బస్సు అక్కడే నిండుతుంది.
నాలుగున్నరకి మొదటి ట్రిప్పు.
దుమ్ము ఆరకముందే మనుషులు చేరతారు.

జవాబుల కాగితంలో అది లేదు.
ఎర్ర పెన్ను మూత పెట్టి
టీ తాగొచ్చి
మళ్ళీ మొదటినుంచి చదివాను.

పద్నాలుగు వేశాను.
తీగ మందం తప్పు కట్టింది.