జత

నలభై ఏళ్ళు కళ్ళజోడు నేలమీద పెట్టి పడుకున్నదాన్ని.
రెండుసార్లు తొక్కుకున్నాను.
ఈ నెల జీతంలో చీటీపాట పోను మిగిలినదాంతో
మంచం పక్కకి చిన్న బల్ల ఒకటి కొందామని
కర్నూలు వన్‌టౌన్‌లో దస్తగిరి కొట్టుకి పోతే
"ఒకటి గాదక్కా, జత.
జతగా వచ్చినేటివి జతగానే పోవాల.
ఇడదీస్తే ఉసురు తగుల్తాది" అన్నాడు.

మా నాయన వేలంపాట గుమాస్తా.
జప్తు చేసిన ఇళ్ళలో
బీరువాలకీ గోడగడియారాలకీ నంబర్లు అంటించేవాడు.
ఆయన నాకిచ్చిన ఆస్తి ఒక్క మాట:
సామాను మొహం చూడద్దు పాపా, బోర్లించి కడుపు చూడు.
మొహానికి లక్క ఎవడైనా పూస్తాడు.

అందుకని ఆ ఎండలో
కొట్టు ముందు నాపరాళ్ళ మీద
రాత్రి డ్యూటీ దిగొచ్చిన నర్సు చీరతోనే చతికిలబడ్డాను.

మొదటిదాని సొరుగు లాగి ముక్కు పెట్టాను.
కర్పూరం, ఎప్పటిదో నశ్యం, ఎలుక.
పైపలకని దారంతో కొలిచాను.
ఈనె పొడుగునా పదహారు అంగుళాలు,
ఈనెకి అడ్డంగా పావంగుళం తక్కువ.
గుండ్రంగా కోసిన చెక్క ఏళ్ళ తరబడి ఎండితే
కొద్దికొద్దిగా కోడిగుడ్డు వైపు జరుగుతుంది.
మా ఊరి ఎండలకైతే చెప్పనక్కర్లేదు.
పురుగు బెజ్జంలో అగ్గిపుల్ల దూర్చాను.
బియ్యపుగింజంత పోయి వంకర తిరిగింది.
పురుగెప్పుడూ తిన్నగా పోదు,
దానికేం తొందర.

కాళ్ళమీద, జానెడెత్తున, ఒక గీత.
గోటితో గీకితే బూడిదరంగు మెత్తటి మన్ను.
ఆ మన్ను నాకు తెలుసు.
రెండువేల తొమ్మిది అక్టోబరులో
తుంగభద్ర ఇళ్ళలోకి వచ్చి కూర్చుని పోయాక
కుట్టుమిషను పళ్ళలోంచి, పటాల వెనకనుంచి
దీపావళి దాటిందాకా తీసిన మన్ను.
ఇది ఎవరిదో గాని
వీళ్ళ ఇల్లు కాస్త మిట్టమీద ఉండాల.

రెండోదాన్ని బోర్లించాను.
సొరుగులో టీ డికాషను వాసన.
దారం అటు పదహారు, ఇటు పదహారు.
అగ్గిపుల్ల తిన్నగా దిగి నిటారుగా నిలబడింది:
డ్రిల్లు మిషను పురుగు.
కాళ్ళమీద గీత లేదు.

"దీనికి వరద తగల్లేదేం?"
దస్తగిరి గడ్డం గోక్కున్నాడు.
"అది మిద్దె మింద ఉన్నిందక్కా."
"జతని ఇడదీస్తే ఉసురన్నావే!"
"ఇడదీసింది వాళ్ళు గదా, నాకేం."

నవ్వొచ్చింది. లేవబోతూ
ఊరికే సొరుగు మూల చూశాను.
చెక్కలు రెండూ వేళ్ళలో వేళ్ళు దూర్చి పట్టుకొని ఉన్నాయి.
మేకు లేదు, బంక కారలేదు,
వెంట్రుక దూరే సందు లేదు.
అసలుదాంట్లో ఒక కుసి వదులు,
ఆనాటి వడ్రంగికి ఆ పూట ఏం పనిపడిందో.
ఇందులో ఆ మాత్రం తప్పు కూడా లేదు.
అబద్ధం ఆడటానికి ఇంత నిజం ఎందుకు పెట్టినట్టు?

"ఇది చేసిందెవరు?"

కొట్టు వెనకాల చిత్రిక చప్పుడు ఆగింది.
చెవి మీద పెన్సిలు, కనుబొమల్లో రంపంపొట్టు,
స్టేషన్‌కి పిలిస్తే వచ్చినట్టు వచ్చాడు మద్దయ్య.
"టేకు పాతదేనమ్మా, కూలిన మిద్దె దూలం.
డికాషను పుయ్యమనింది ఈయప్ప.
బెజ్జాలు గూడా.
కుసులు మాత్రం...
అవి వేరే మాదిరి నాకు రావు."

జతకి తొమ్మిది వేలన్నాడు దస్తగిరి.
సరే, పాతదానికి నాలుగు, దీనికి అయిదు అన్నాను.
"తిరగేసి చెప్తాండావక్కా!"
తిరగేసే చూశాను మరి.
ఇంకొకటి, అడుగున పేరు రాయాలి.

మద్దయ్య పెన్సిలు ఉమ్మితో తడిపి
పసిబిడ్డకి చుక్క పెట్టినంత జాగ్రత్తగా
నాలుగక్షరాలు రాశాడు,
ఒత్తు కాస్త పక్కకి పోయింది.

ఆటోవాడు బల్లలకి ఇరవై ఎక్కువ గుంజాడు.

ఆ రాత్రి కళ్ళజోడు పాతదాని మీద పెట్టాను,
మంచినీళ్ళ గ్లాసు మద్దయ్యదాని మీద.
పొద్దున చూస్తే గ్లాసు అడుగున
తడి గుండ్రంగా చెక్కలోకి దిగి ఉంది.

కొంగు చేతిలోకి తీసుకొని
మళ్ళీ వదిలేశాను.