నాలుగో భాగం అంచుల్లో

సిరోంచలో మాది మరాఠీ బడి.
తెలుగు అక్షరాలు నాకు
అవతలి ఒడ్డు బస్సుల నుదుటి మీద దొరికాయి,
ఎరువుల సంచుల మీద, దగ్గుమందు సీసా మీద.
అందుకే పుస్తకం పడితే
కూడబలుక్కుంటూ పైకే చదివేదాన్ని.
అందుకే బానయ్య విన్నాడు.

ప్రాణహిత మీద అతని నావ.
చెన్నూరు గ్రంథాలయంలో ఆరు భాగాల ‘నల్లసీమ’,
అట్టలూడి, మూడోదానికి చివరి పుటలు లేక.
పోయేటప్పుడు ఒక అధ్యాయం, వచ్చేటప్పుడు ఒకటి.
నాకు కిరాయి మాఫీ.

నాలుగో భాగంలో పొగమంచు ఏరు వస్తుంది.
దాటించే ముసలివాడికి పేరు లేదు.
పైసలు ముట్టడు,
మనిషికో జ్ఞాపకం తీసుకుంటాడు.
అరిమల యువరాణి
తల్లి గొంతు ఇచ్చేసి అవతలి గట్టు దిగుతుంది.

బానయ్య గడ ఆపాడు.
నావ కొంచెం కిందికి కొట్టుకుపోయింది.
"తప్పు. దిద్దుకో," అన్నాడు.
"ఏ నావోడూ అసొంటిది అడగడు.
రెండు ఎండుచేపలు, లేకుంటే బీడికట్ట.
ఇంకోటి, గడ టేకుదని రాసిండు.
టేకైతే రెక్కలు పడిపోతయి. వెదురని పెట్టు."

పెన్సిల్‌తో అంచుల్లో రాశాను,
సర్కారు పుస్తకమని భయపడుతూ
సన్నగా, వాలుగా.
తర్వాత పుస్తకం పోయిందని చెప్పి
నలభై రూపాయలు కట్టాను.

వంతెన వచ్చింది. నావ బోర్లా పడింది,
దాని కింద కోళ్లు పొదుగుతున్నాయి.

ఆ తర్వాతే ‘నల్లసీమ’ టీవీకెక్కింది, మరాఠీ డబ్బింగ్‌లో.
శనివారం రాత్రులు బానయ్య ఇంట్లోనే చూశాం.
మంచులో చావాల్సిన తమ్ముడు చావలేదు.
"పోరడు ముద్దుగున్నడు, సంపబుద్ధి కాలే,"
అంది అతని పెళ్లాం రాజుబాయి.
ఇద్దరు మేనత్తలు ఒక్కతే అయింది,
ఇద్దరి పాపాలూ ఆమె నెత్తిన.
మూడు భాగాల పాటు ఉత్త చప్పుడైన సర్పం
మొదటి రోజే వచ్చి పళ్లు చూపించింది.
మాట్లాడే కాకి లేనే లేదు.
నేను అలిగాను. బానయ్య అలగలేదు,
కాకి సంగతి అతను ఎప్పుడూ నమ్మలేదు.

అతను చూస్తున్నది ఏరు కోసం.
ఆ శనివారం చొక్కా తొడుక్కుని కూర్చున్నాడు.

పొగమంచు వచ్చింది.
ఏరు వచ్చింది.
దాని మీద రాతి వంతెన.
గుర్రాలు దడదడా దాటిపోయాయి,
అరిమల కూడా, తల్లి గొంతుతో సహా.
నిమిషం పట్టలేదు.
సబ్బు ప్రకటన.

కథ పాడుచేశారని నేను తిడుతున్నాను.
రాజుబాయి అన్నం గిన్నె మీద మూత తీసింది.
బానయ్య ఇంకా సబ్బు నురగనే చూస్తున్నాడు.
"ఎన్ని ఖానాలు దానికి? లెక్కవెట్టినవా?"
పెట్టలేదు.
"మనదానికన్న చిన్నదే," అన్నాడు.

తెల్లారి పుస్తకం తెమ్మన్నాడు.
బోర్లించిన నావకు ఆనుకుని, కోళ్లను తోలుకుంటూ
ఆ అధ్యాయం మళ్లీ చదివాను.
"ముసలోడు తీసుకున్నయన్నీ యాడ దాచిండో రాసిండా?"
లేదు. అయిదులో లేదు, ఆరులోనూ లేదు.
"మరి ఆ ఎండుచేపలు కొట్టెయ్.
నేను జెప్పేది రాయి."

అర్ధరాత్రి దాటిన మంత్రసాని,
ఆమె చేతిలో ఆరిపోని లాంతరు.
వాంతులు చేసుకున్న కొత్త పంతులు.
పెళ్లిపెట్టె నీళ్లలో పడితే
ముందు పెట్టెను, తర్వాత మామను తీసిన పెళ్లికొడుకు.
ఒక ముసలామె, ఎవరో తెలియదు,
అటు దిగకుండా మళ్లీ ఇటే వచ్చేసింది.
"కిరాయి అడగలే. నాకే ఇచ్చిపోయినట్టున్నరు."

అంచులు నిండిపోయాయి.
అధ్యాయం చివరి ఖాళీలోకి దిగాను,
అక్కడా చాలక
యువరాణి గట్టెక్కే వాక్యం చుట్టూ తిప్పి రాశాను.

ఎండుచేపల మీద రబ్బరు రుద్దితే
కాగితం చిరిగింది.
గడ మాత్రం వెదురుగానే ఉంది.